సొరుగులో మిగిలిన ఫోను

మా సెరెయా అపార్ట్‌మెంట్లో శుక్రవారం పొద్దున్న అయిదు ఇళ్ళలో ఫోన్లు ఒక్కసారే కుయ్యిమన్నాయి. 'వైరస్ ఉన్న మనిషికి మీరు చాలాసేపు, చాలా దగ్గరగా మసిలారు' అని అన్నింట్లోనూ ఒకటే కబురు. ఆ మనిషి ఎవరో మాత్రం చెప్పదు. అది చెప్పకపోతే మేం ఊరుకుంటామా? సాయంత్రానికల్లా అందరి నోళ్ళలోనూ ఒకటే పేరు నానింది, మా వాచ్‌మన్ జిల్సన్ పేరు. శనివారం తెల్లారేసరికి సెల్లారులో వాళ్ళ గది గుమ్మం నిండా ఎవరో బ్లీచింగ్ నీళ్ళు గుమ్మరించి పోయారు. లోపల ఎనిమిదో నెల గర్భిణి పడుకుని ఉందన్న ఇంగితం కూడా లేదు. భార్య లేవకముందే జిల్సన్ దగ్గుకుంటూ అదంతా కడిగేశాడు, ఆమెకి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ సాయంత్రం నాలుగింటికి సెల్లారులో మీటింగని ప్రెసిడెంటు దోనా మార్లూసియా ఇంటర్‌కమ్‌లో ఇంటింటికీ చెప్పింది. నేను తలుపు తాళం వేసి మెట్లు దిగుతున్న దగ్గర కిందటిసారి మనం ఆగాం.

ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగాను. ఈ మీటింగులో జిల్సన్ ఉద్యోగం పోతే ఆ గది కూడా పోతుంది. రెసీఫె ఊళ్ళో ఈ రోజుల్లో, అందులోనూ జబ్బు మనిషని పేరు పడ్డవాడికి, అద్దెకి గది ఎవరిస్తారు? వచ్చే నెల అతని భార్య రోజినెట్ ఎక్కడ కనాలి? పుట్టబోయే బిడ్డకి జ్ఞానతల్లిని నేనే. అందుకే ఆ పిల్ల నన్ను ఇప్పటినుంచే కొమాద్రె అని పిలుస్తుంది. పిల్లాజెల్లా లేనిదాన్ని, ఆ పిలుపు విన్నప్పుడల్లా కడుపు నిండినట్టుంటుంది నాకు.

నేను రెండో అంతస్తులో ముందు గదిలో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించి బతికేదాన్ని. మార్చి నుంచి ఆ కుర్చీ ఖాళీ. ఇన్నేళ్ళూ అద్దంలో జనం మొహాలు చూసీ చూసీ ఎవరిని నమ్మకూడదో బాగా తెలుసుకున్నాను. ఎవరినీ నమ్మకూడదు.

సెల్లారులో అడుగు పెట్టగానే బ్లీచింగ్ ఘాటు మాస్కు దాటి ముక్కుకి కొట్టింది. పొద్దున కడిగినా ఆ మూసిన గోడల మధ్య కంపు ఎక్కడికి పోతుంది? నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రోజినెట్ మాత్రం ఆ గుమ్మంలోనే పీట వేసుకుని బిడ్డ చొక్కాలు మడతపెడుతోంది. నన్ను చూసి ఏమీ ఎరగనట్టు నవ్వింది. ఆమె వెనక గదిలో పొయ్యి మీద కుస్కుస్ గిన్నె ఉంది. నీళ్ళు ఇగిరిపోయి మొక్కజొన్న రవ్వ మాడుతోంది, ఆ వాసన కూడా ఈ ఘాటులో కలిసి వచ్చింది. మాడిపోతోందే పిల్లా అంటే ఉలిక్కిపడి లోపలికి పరిగెత్తింది. పాపం భయంతో ఈ లోకంలో లేదు అనుకున్నాను. బ్లీచింగ్ సంగతి తెలిసి కూడా మొగుడు బాధపడతాడని నటిస్తోందేమోనని ఇంకో అనుమానం కూడా వచ్చింది.

కార్లన్నీ బయట పెట్టించి, సుద్దముక్కతో గీసిన గుండ్రాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఎవరి గుండ్రంలో వాళ్ళం కూర్చున్నాం. మధ్యలో బల్ల వెనక దోనా మార్లూసియా. ఆమె బడి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది, మమ్మల్ని ఇప్పటికీ పిల్లల్లాగే చూస్తుంది. అయిదో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. బల్ల మీద చేతిగంట, మంచినీళ్ళ గ్లాసు. ప్రతి మీటింగులోనూ ఆ గంట పక్కన కార్మెల్ మాత బొమ్మ అంటించిన గులాబీ రంగు కవరుతో ఆమె ఫోను ఉండేది, ఇవాళ లేదు. కళ్ళకి పొర తీసే ఆపరేషను దగ్గర పడింది, ఇంక ఫోనులో ఏం కనిపిస్తుందిలే అనుకుని వదిలేశాను.

మొదట లేచింది నాలుగో అంతస్తు వకీలు ఒడయిర్. ఆయనకి కోర్టులు మూసేసినప్పటినుంచి గొంతు ఊరికే ఉండడం లేదు. గేటు తీసేది జిల్సనేననీ, సామాన్లు అందించేది జిల్సనేననీ, అయిదు ఇళ్ళకీ దగ్గరగా మసిలే మనిషి ఈ భవనంలో ఇంకెవరున్నారనీ అడిగాడు. పొద్దున అతను దగ్గడం తన చెవులతో విన్నానని కూడా చెప్పాడు. మూడో అంతస్తులో పక్కపక్క ఇళ్ళలో ఉండే అక్కచెల్లెళ్ళు ఇద్దరూ తామూ విన్నామని తలలూపారు.

జిల్సన్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆ దగ్గు బ్లీచింగ్ కడుగుతుంటే వచ్చిందని ఒక్క మాట చెబితే సరిపోతుంది. కానీ గదిలో రోజినెట్ వింటుంది. ఆ నీళ్ళు పోసినవాళ్ళు ఇక్కడే ఏదో ఒక గుండ్రంలో కూర్చుని ఉన్నారు. నేనే అందుకున్నాను.

"అతని ఫోను చూశారా ఎప్పుడైనా?" అన్నాను. "నొక్కే బటన్ల ఫోను. అందులో ఈ యాప్ ఎక్కనే ఎక్కదు. మరి అతని దగ్గర్నుంచి మన ఫోన్లకి కబురు ఎలా వచ్చింది వకీలు గారూ?"

ఇంకో ఫోను దాచుకున్నాడేమో ఎవరికి తెలుసు, అన్నాడు ఒడయిర్. అనుమానానికి అడ్డేముంది, ఎటైనా పాకుతుంది.

ఈ యాప్ గురించి నాకున్న కసి చెప్పి తీరాలి. పెర్తిన్యో దాని పేరు. 'దగ్గర్లోనే' అని ముద్దుగా పెట్టారు. ఆన్ చేసిన రోజు ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు అడిగింది. అక్షరాలు చీమల్లా ఉంటే చదివేదెవరు, అన్నిటికీ అవునని నొక్కాం. మొదట్లో జబ్బు వచ్చినవాళ్ళు ఆస్పత్రివాళ్ళిచ్చిన నంబరు అందులో కొడితేనే చుట్టుపక్కల వాళ్ళకి తెలిసేది. ఆ నంబరు కొట్టే చోటు ఎక్కడుందో ఎంత వెతికినా ఎవరికీ దొరకలేదు. అందుకని ఈమధ్య మార్చేశారు. ఇప్పుడు పరీక్ష ఫలితం తిన్నగా దానికే వెళుతుంది, కబుర్లూ అదే పంపుతుంది, మీరు వేలు కూడా కదపక్కర్లేదు అని టీవీలో, జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం అనే జబ్బు గుర్తుల జాబితా పక్కనే, ఒకటే ఊదరగొట్టారు. ఇంత చేసి, పొద్దున నిండా ఉన్న బ్యాటరీని మధ్యాహ్నానికల్లా తాగేస్తుంది.

దోనా మార్లూసియా గంట మోగించింది. ఒక్కొక్కరినీ నిలబెట్టి, ఈ వారమంతా మీ ఫోను మీ దగ్గరే ఉందా అని అడిగింది. అక్కచెల్లెళ్ళు ఉందన్నారు. ఒడయిర్ నిద్రలో కూడా జేబులోంచి తియ్యనన్నాడు. మొదటి అంతస్తు ముసలాయన మెళ్ళో వేలాడేసుకుంటానన్నాడు. నా వంతు వచ్చింది. నా సంచిలోనే ఉందండీ అనేశాను.

అని కూర్చున్నాక నాకే నవ్వు వచ్చింది. ఎందుకంటే అది అబద్ధం. ఒడయిర్ చెప్పిందీ అబద్ధమే. సాయంత్రం వేడి బ్రెడ్డు కోసం బేకరీ దగ్గర వరసలో నిలబడ్డప్పుడు ఆయన జేబులో ఉండేది తెర పగిలిన పాత ఫోను. దొంగ కత్తి చూపిస్తే ఇచ్చెయ్యడానికి అలాంటిదొకటి మా పేటలో ప్రతివాళ్ళకీ ఉంటుంది. ఈ బోవా విస్తా పేటలో మంచి ఫోనుతో వీధిలోకి వెళ్ళేవాడు పిచ్చివాడైనా అయ్యుండాలి, పోలీసైనా అయ్యుండాలి. మరి మంచి ఫోను ఎక్కడ పెడతాం? లిఫ్టు చెడిపోయి నెలలైంది. మళ్ళీ మెట్లెక్కి ఇంట్లో పెట్టి వచ్చే ఓపిక ఎవరికీ లేదు. గేటు దగ్గర జిల్సన్ బల్ల సొరుగులో పడేసి పోతాం. ఎలాగూ బ్యాటరీ ఉండదు కాబట్టి అతను అందులో ఒక జంక్షన్ బాక్సు పెట్టి వైర్లు తగిలించాడు. గీతలు పడకుండా రోజినెట్ గళ్ళ గుడ్డ పరిచింది.

మరి ఎవరూ నోరు విప్పరేం? విప్పరు. కిందటేడాది గేటు దగ్గర ఎవరిదో కెమెరా పోయినప్పుడు దోనా మార్లూసియా ఒక నోటీసు అంటించింది. వాచ్‌మన్ దగ్గర ఏ వస్తువూ పెట్టకూడదు, అతను తీసుకుంటే ఆ రోజే పనిలోంచి తీసేస్తాం అని. ఆ కాగితం ఇప్పటికీ గోడ మీదే ఉంది. దాని కిందే రోజూ ఫోన్లు పెట్టి పోతున్నాం.

నవ్వు అక్కడే ఆగిపోయింది. రోజూ బ్రెడ్డు వేళ నా ఫోను ఆ సొరుగులో ఉండేది. ఒడయిర్‌ది ఆ సొరుగులో ఉండేది. అక్కచెల్లెళ్ళవి, ముసలాయనది, కబురు వచ్చిన అయిదూ అక్కడే ఉండేవి. బ్రెడ్డుకి మేమంతా ఒక్క వేళకే వెళతాం. వరసలో దూరందూరంగా నిలబడి గంటసేపు ఎండలో మాడిపోతుంటే, మా ఫోన్లు చల్లగా గళ్ళ గుడ్డ మీద ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. దగ్గరగా మసిలింది అవి. మేం కాదు.

అంటే వైరస్ ఉన్న మనిషి ఫోను కూడా అదే సొరుగులో ఉండి ఉండాలి. ఆ మనిషి ఎవరు? నేను ఒక్కొక్క మాస్కు మీది కళ్ళనే చూసుకుంటూ పోయాను. కబురు రావడం ఆ అయిదింటికే వచ్చింది. పంపిన ఫోను ఆరోది.

జిల్సన్ నన్నే చూస్తున్నాడు. నా మొహం చూసి అతనికి అర్థమైపోయినట్టుంది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. నిజమే. సొరుగు సంగతి చెబితే జబ్బు మచ్చ పోతుంది, నోటీసు ప్రకారం ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మచ్చ ఉండిపోతుంది, ఆ మచ్చ వల్లే ఉద్యోగం పోతుంది. ఎటు చూసినా ఆ పిల్ల పొట్టే నా కళ్ళ ముందు కనిపించింది.

సోమవారానికల్లా జిల్సన్ గది ఖాళీ చెయ్యాలని ఒడయిర్ తీర్మానం చదివాడు. దోనా మార్లూసియా కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. సరేనన్నవాళ్ళు చేతులెత్తండి అంది. అక్కచెల్లెళ్ళ చేతులు అప్పుడే లేస్తున్నాయి.

"చేతులు దించండి" అని నేను లేచాను. "అందరూ నాతో గేటు దగ్గరికి రండి. జిల్సన్, ఆ సొరుగు తాళం ఇయ్యి."

"దోనా నెయూజా, మీకు దణ్ణం పెడతాను, వద్దు."

"నిన్ను వెళ్ళగొట్టాలంటే ముందు నన్ను వెళ్ళగొట్టాలి. నా ఫోను కూడా పెట్టాను. వకీలు గారూ, మీదీ పెట్టారు. అవునా కాదా?"

ఒడయిర్ తీర్మానం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముసలాయన మెల్లగా, నాదీ పెట్టానమ్మా, అన్నాడు. అక్కచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తాళం చెవి జిల్సన్ మెళ్ళోనే ఉంది. తీసి నా చేతికి ఇవ్వలేదు, గేటు దగ్గరికి వచ్చాక తన బల్ల అంచు మీద పెట్టి పక్కకి తిరిగి నిలబడ్డాడు. నిన్న కబురు వచ్చినప్పటినుంచి మేమంతా ఫోన్లు చేతుల్లోనే పట్టుకు తిరుగుతున్నాం, సొరుగు ఖాళీగా ఉంటుందనే నేననుకున్నాను. ఆ వైర్లూ ఆ గుడ్డా చూపిస్తే చాలనుకున్నాను.

సొరుగు లాగాను. గళ్ళ గుడ్డ మీద ఒక ఫోను ఉంది. గులాబీ రంగు కవరు. మీద కార్మెల్ మాత.

ఆ ఫోను తెలియనివాళ్ళు మా భవనంలో లేరు. దోనా మార్లూసియా అందరికంటే వెనక మెల్లగా నడిచి వచ్చింది. దాన్ని చూసి, నోటీసు వంక చూసి, నవ్వబోయి ఆగిపోయింది.

"గ్రూపులో పొద్దస్తమానం మీ ఫిర్యాదులే" అంది చివరికి. "నీళ్ళు రాలేదని ఒకరు, పైవాళ్ళు కుర్చీలు జరుపుతున్నారని ఒకరు. కాసేపైనా దాని పోరు లేకుండా ఉందామని సాయంత్రాలు నేనూ ఇక్కడే పడేస్తున్నాను. మొన్న గురువారం పెట్టాక మళ్ళీ తీసుకోబుద్ధి కాలేదు."

తను అంటించిన నోటీసు కింద తనే పెట్టిందన్నమాట. ఇంకో రోజైతే ఆ మాట పట్టుకుని ఆమెని ఉతికి ఆరేసేదాన్ని. ఫోను తీసి ఆమెకి ఇస్తుంటే నా బొటనవేలు తగిలి తెర వెలిగింది. పెర్తిన్యో గుర్తు, దాని కింద చీమల బారు. ఆమె చెయ్యి చాచి దూరంగా పట్టుకుంది, మళ్ళీ ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. కళ్ళ పొరలతో ఆ అక్షరాలు ఎక్కడ ఆనతాయి?

"నువ్వే చదువు నెయూజా" అంది. బళ్ళో పిల్లకి చెప్పినట్టే చెప్పింది.

చదివాను. ఆపరేషనుకి ముందు ఆస్పత్రివాళ్ళు చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. వైరస్ ఉంది. శుక్రవారం పొద్దున్నే వచ్చింది ఆ కబురు. "మీకు దగ్గరగా మసిలిన ఫోన్లన్నింటికీ మేమే తెలియజేశాం. మీరు చెయ్యవలసిందేమీ లేదు."

రెండు రోజులుగా ఈవిడ జబ్బు అయిదు ఇళ్ళకి తెలుసు, ఈవిడకి తెలీదు. మేమేమో ఎవరో దాచిపెట్టారని ఒకరినొకరు పీక్కుతింటున్నాం. ఒడయిర్ అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఇప్పటిదాకా జిల్సన్ వైపు చూపించిన వేలే ఇప్పుడు దోనా మార్లూసియా వైపు తిరిగింది, ప్రెసిడెంటు అయ్యుండి ఇంత నిర్లక్ష్యమా అని. ఆమె అతని మాట వినడం లేదు. గోడ పట్టుకుని నిలబడింది. నాకేం జ్వరం లేదే, ఒంట్లో బాగానే ఉందే, అని తనలో తనే అనుకుంటోంది.

జిల్సన్ ఒక కుర్చీ తెచ్చి ఆమె వెనక పెట్టాడు. తనని వీధిలోకి గెంటడానికి వచ్చిన మనిషికి. నాకు కళ్ళు చెమర్చాయి, అతని ఉద్యోగం నిలబడిందన్న సంతోషం కూడా గుండెల్లో పొంగింది. అది ఎంతోసేపు నిలవలేదు.

ఎందుకంటే ఒక ప్రశ్న మిగిలిపోయింది. బ్రెడ్డు వేళ మేమంతా బయట. ఈవిడ ఫోను సొరుగులో. జిల్సన్ గేటు దగ్గర. ఈవిడకి బ్రెడ్డు అతనే తెచ్చిపెడతాడు, దానికోసం ఈవిడ గేటు దాటదు. మరి ఫోను ఇక్కడ పడేసి ఈవిడ ఎక్కడికి పోయేది? పైకే పోయేదైతే ఫోను పైనే ఆపేసుకోవచ్చు, అన్ని మెట్లు దిగడం ఎందుకు?

"దోనా మార్లూసియా" అన్నాను, "సాయంత్రాలు మీరు ఎవరి దగ్గర కూర్చునేవారు?"

"ఎవరి దగ్గరా లేదు" అంది మరీ తొందరగా. కళ్ళు మాత్రం సెల్లారు గుమ్మం వైపు పోయాయి.

అక్కడ రోజినెట్ నిలబడి ఉంది. మాడిన గిన్నె తోముతూ మధ్యలో వచ్చినట్టుంది, చేతులకి నురగ ఉంది. మాస్కు లేదు. మా గొడవ ఎంతవరకు విందో తెలీదుగానీ ముసలావిడని దోషిలా నిలబెట్టడం చూసి ఊరుకోలేకపోయింది.

"ఆవిణ్ణి ఏమీ అనకండి" అంది. "రోజూ నా దగ్గరే కూర్చుంటారు. మా గదిలో. పైన ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నానే అని వచ్చి, బిడ్డకి మేజోళ్ళు అల్లిపెడతారు. ఎవరింటికీ ఎవరూ పోవద్దని రూలు పెట్టింది నేనే కదా, బయటికి చెప్పకు అన్నారు. అందుకే ఆయనకి కూడా చెప్పలేదు."

జిల్సన్ మొహంలో రక్తం లేదు. కిటికీ లేని గది అది. ఒక మంచం, ఒక పొయ్యి, ఇద్దరు ఆడవాళ్ళు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. సొరుగులో పక్కన పడుకున్న ఫోన్లకల్లా హెచ్చరిక వచ్చింది. ఆ మనిషి పక్కన నిజంగా కూర్చున్న ఒక్కదానికీ రాలేదు. రోజినెట్‌కి ఫోనే లేదు.

దోనా మార్లూసియా కుర్చీలోంచి లేవబోయి, ఆ పిల్ల వైపు ఒక అడుగు వేసి, మళ్ళీ తనంతట తనే వెనక్కి తగ్గి రెండు చేతులతో నోరు మూసుకుంది.

నాకు మాత్రం ఆవిడ కనిపించడం లేదు. మాడిన కుస్కుస్ కనిపిస్తోంది. పొయ్యికి రెండు అడుగుల దూరంలో కూర్చుని చొక్కాలు మడతపెడుతూ నన్ను చూసి నవ్విన మొహం కనిపిస్తోంది. ఆ ఘాటు ఇక్కడ గేటు దాకా తెలుస్తోంది, ఒడయిర్ ఇందాకటినుంచి ముక్కు రుద్దుకుంటూనే ఉన్నాడు. జిల్సన్‌కి వేసిన ఒట్టు గుర్తొచ్చింది, కానీ ఇంక దాన్ని నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు.

"రోజినెట్, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పమ్మా" అన్నాను. "పొద్దున మీ గుమ్మంలో ఎవరో పోసిన బ్లీచింగ్ కంపు ఇంకా పోలేదు. మాకే కళ్ళు మండుతున్నాయి. నువ్వు అందులో ఎలా కూర్చున్నావు?"

ఆమె మొగుడి వంక చూసింది, నా వంక చూసింది. తడి చేత్తో జుట్టు వెనక్కి తోసుకుని, తల ఎత్తి గట్టిగా ఒకసారి గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది.

"ఏ బ్లీచింగ్, కొమాద్రె?"